కాపీ బటన్ లేని పెట్టె

ఆఫీసులో ఒకే స్క్రీన్ ముందు మేనేజరూ, సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే డాక్యుమెంటేషన్ పేజీలు దిద్దే అమ్మాయీ కూర్చున్నారు.

“రంగులూ, అక్షరాలూ భలే కుదిరాయమ్మా. కమాండ్ ఉన్న ప్రతి పెట్టెకీ కాపీ బటన్ పెట్టావు. ఈ ఒక్కదానికే మర్చిపోయావు.”

“మర్చిపోలేదు సార్. కావాలనే పెట్టలేదు.”

“పేజీ అంతా ఒకేలా ఉండాలన్నానుగా?”

“అది డేటా మొత్తం తుడిచేసే కమాండ్ సార్. కావాల్సినవాళ్ళు చేత్తో టైప్ చేసుకోవాలి. ఆ కాస్తసేపైనా ఏం చేస్తున్నారో ఆలోచిస్తారు.”

“వాడేవాళ్ళేమైనా చిన్నపిల్లలా? బటన్ ఏదని తిట్లన్నీ నా నెత్తిన పడతాయి.”

“నా పేరు చెప్పండి.”

“రేపు పైవాళ్ళకి చూపించాలి. మాట విని పెట్టెయ్.”

“నేను పెట్టను సార్. అంతగా కావాలంటే మీరే పెట్టుకోండి.”

“ఇంత మొండితనం పనికిరాదు. ఇటు జరుగు... ఇదిగో, పెట్టేశాను. ఎంతసేపు పట్టింది?”

“పనిచేస్తుందో లేదో చూడాలిగా. కాపీ చేసి, మీ సిస్టమ్‌లో పేస్ట్ చేసి, ఎంటర్ కొట్టండి.”

“నా దాంట్లోనా? మతి ఉండే మాట్లాడుతున్నావా? నా పనంతా గంగలో కలిసిపోదూ!”

“వాడేవాళ్ళదైతే కలిసిపోయినా పర్లేదా?”

“సరేలే, అలా చూడకు. తీసెయ్ ఆ బటన్ని.”

“పెట్టింది మీరు సార్. మీరే తియ్యండి.”