మూల టేబులు

మధ్యాహ్నం హోటలు కిటకిటలాడుతోంది. గల్లా దగ్గర యజమాని, వంటింటి గుమ్మంలో అతని అక్క.

“ఆ మూల టేబులు ఖాళీయే కదరా. పాపం నిండు గర్భిణి నిలబడి ఉంది, కూర్చోబెట్టు.”

“అది దేవుడి టేబులక్కా. ఆయనకు తప్ప ఎవరికీ ఇవ్వనని హోటలు తెరిచిన రోజే మొక్కుకున్నాను.”

“రోజూ వడ్డిస్తున్నాను. ఉప్పు తక్కువైందని ఏనాడూ అనలేదు మహానుభావుడు.”

“వెటకారం వద్దు. ఇంతమంది వస్తున్నారంటే ఆయన దయే.”

“వచ్చినవాళ్లను నిలబెట్టడం మాత్రం నీ దయ. సరేగానీ, ఎవరో ఫైలు పట్టుకుని వస్తున్నారు చూడు.”

“అమ్మో, హోటళ్లు తనిఖీ చేసే ఆఫీసరు. రండి సార్, రండి. ఆ మూల టేబులు మీకోసమే ఉంచాం.”

“దేవుడు చంకలో ఫైలు పెట్టుకుని వస్తాడని ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పావు కాదేంరా. నీ దేవుడికి నువ్వే వడ్డించుకో. ఆ పిల్లకి నేను వంటింట్లో పీట వేస్తాను.”