మిల్లు బుగ్గి

"అమ్మమ్మా, మా కంపెనీలో బాయిలర్ బూడిద ఊరికే ఇస్తన్నారు. మేడ మీద కుండీల్లో కలుపుదామని తెచ్చాను. బస్తా చూసి అలా లేచి నిలబడ్డావేటి?"

ఏటీ నేదులే. ముందా బస్తా గుమ్మం అవతల పెట్టీ. ఆ, అక్కడే. ఇప్పుడు కూకో.

మీ అమ్మ నీకు సెప్పనేదా? సెప్పదులే, దానికి మీ తాతంటే పేనం. అచ్యుతాపురం దగ్గిర భూములన్నీ కంపెనీలకి పోగా మాకో సెక్క మిగిలుండీది, అరెకరం. వంగ, బెండ, ఆనప ఏసీవోళ్లం. మన వంకాయలంటే వన్ టౌన్ దుకాణాలోళ్లు బేరమాడకుండా తీసుకునీవోళ్లు. ఆడకుండా అంటే, ఆడీవోళ్లేలే, మనకి కాస్త తక్కువాడీవోళ్లు.

అదంతా మిల్లు బుగ్గి సలవే. బుగ్గంటే తెల్సు కదా, బూడిద. పంచదార మిల్లులో సెరుకు పిప్పి కాల్సగా వచ్చీది, మెత్తగా పిండిలాగుండీది. ఈర్రాజని లారీ డ్రైవరు తెచ్చీవోడు. అప్పుడు లోడెంతనుకున్నావు? డీజిలు డబ్బులూ, గంపెడు వంకాయలూ.

మీ తాతకో పద్ధతుండీది. ఏ లోడొచ్చినా ముందు మూల మడిలో కలిపి తోటకూర ఇత్తనాలు జల్లీవోడు. అది మొలిసి పచ్చగా నిలబడితేనే సేనుకి ఎక్కించీవోడు. బుగ్గికి పెళ్లిసూపులేటయ్యా అని నాను నవ్వీదాన్ని.

ఆ ఏడు వానలు ముంచుకొచ్చీసాయి. లారీ వచ్చీసరికి మబ్బు పట్టీసింది. అదే ఈర్రాజు, అదే మిల్లు. కుప్పలా ఉంటే వానకి కొట్టుకుపోద్దని, మీ తాత తోటకూర మాట వదిలీసి, సాయంత్రానికి సేనంతా పరిపించీసాడు. సెరుకు సాలక మిల్లోళ్లు బొగ్గు కాలుస్తన్నారని మాకెవుడు సెప్పాడు? ఈర్రాజుకీ తెలీదు పాపం. సూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి కదే.

వాన పడి ఆరేసరికి నేల సిమెంటులా బిగిసిపోయింది. వంగనారు ఆకుల అంచులు మాడిపోయి, నిలబడే సచ్చింది. బెండ మొలవనే నేదు. మీ తాత పార పట్టుకుని గీకడం మొదలెట్టాడు. గీకిందల్లా గంపకెత్తి గట్టవతల పొయ్యడం, మూల మడిలో తోటకూర జల్లడం. మొలవదు. మళ్లీ గీకడం. వద్దంటే ఇనీవోడా? ఎండల్లో ఆ దుమ్మంతా గొంతులోకెళ్లి దగ్గు పట్టుకుంది. నాకు వొళ్లు మండిపోయీది, మనిషి మీద కాదే, ఆ బుగ్గి మీద.

పెద్దాసుపత్రిలో ఆక్సిజన్ పెట్టేక కూడా అదే అడిగాడు, తోటకూర మొలిసిందా అని. మొలిసిందంటే నీ సొమ్మేటి పోయీదని తరవాత అందరూ నన్ను తిట్టారు. నానెలా అంటాను? ఆ నేల సంగతి ఆయనకి తెలీదేటి? నేదయ్యా అన్నాను. మొహం గోడేపు తిప్పీసుకున్నాడు. మర్నాడు ఎలిపోయాడు.

మరి నీ బస్తాలోది దేని బుగ్గి? ఊకదా, బొగ్గుదా? అడిగావా? అడగనేదు, సూడు.

ఒక్క కుండీలో కలుపు. తోటకూర జల్లు. మిగతావి ముట్టుకోకు. నువ్వేసిన ఇత్తనం ఏదీ ఒట్టిపోకూడదమ్మా, నీ సెయ్యి పచ్చగుండాల. నాకిప్పుడు కళ్లానవు, రోజూ నువ్వే సూసి సెప్పాల. ముసిల్ది బాధపడద్దని ఏదోటి సెప్పకు. మొలవకపోతే మొలవనేదనే సెప్పు...