చంపినవారి పేరు

ఫ్యాక్షన్ గొడవల్లో హతమైన కార్యకర్తల కోసం పార్టీ వెబ్‌సైటులో ‘అమరుడు’ అనే కంటెంట్ టైపు, అంటే ఒక్కొక్కరికీ ఒక్కో పేజీ వచ్చే నమూనా, తయారు చేసింది పార్టీలో కంప్యూటర్ పని చూసే అమ్మాయే. పేరు, ఊరు, ఫోటో, వివరాలు చెప్పినవారి పేరు, చంపినవారి పేరు అని ఒక్కొక్కరికీ ఐదు గడులు పెట్టింది. ఇప్పుడు జమ్మలమడుగు పార్టీ ఆఫీసులో కూర్చుని, ఆఖరి గడిని తీసేయడానికి చెయ్యి రాక తెర వైపే చూస్తోంది. అంతలో కొండాపురం నుంచి ఒకామె వచ్చి ఎదుట కూర్చుంది.

"మా ఆయన పేజీ వచ్చిందంట గదా పాపా, సూపీ."

"పుల్లన్న పేజీ ఇదే పెద్దమ్మా."

"సంపినోని పేరు గూడా ఉందా?"

"ఉంది. ఆ గడి తీసేయమని పైవాళ్లు చెప్పినారు. తీస్తే నలభై మూడు మంది రాయించిన పేర్లన్నీ పోతాయి."

"ఎందుకంట?"

"ఆ చంపినాయన మొన్న మన పార్టీలో చేరినాడు."

ఆమె తెర మీది ఫోటో మీద వేలు పెట్టింది.

"పిల్లోళ్లను బతకనియ్యరని పోలీసోళ్లకు గూడా సెప్పల్యా. పదకొండేండ్లు నోరు మూసుకొని ఉంటి. ఆ గడి నింపకపోతే పేజీ రాదని నువ్వంటేనే గదా సెప్తి."

నింపితే తప్ప పేజీ రాకుండా ఆ గడిని బిగించింది తానే. అమ్మాయి తల దించుకుంది.

"పోతే పోనీలే పాపా. ఎవురూ సదవకముందే తీసెయ్."

"చదివినారు పెద్దమ్మా."

"ఎవురు?"

"ఆయనే. పొద్దున నువ్వు కూసున్న ఆ కుర్చీలోనే కూసోని, తన పేరు చెప్పినోళ్లందరి పేర్లూ ప్రింటు తీపిచ్చుకొని పోయినాడు."