మా బాపు బట్టలు కుడ్తడు

"అవ్వా, అమ్మ డిగ్రీ సదివింది పోలీసోళ్ల పిల్లలకిచ్చే స్కాలర్‌షిప్పు మీదనేనంట గదా? అమ్మనడిగితె, పోయి మీ అవ్వనడుగు అన్నది."

అన్నదా? అంటది అంటది. చెప్తె ఇప్పటికి గూడ ఏడుపొస్తది దానికి, అందుకే నామీదికి తోలింది. కూసో. ఆడ గాదు, ఇటు పక్కకు రా, గీ చెవు జర మందం. ఏంది, ఫోన్ల రికార్డు చేస్తున్నవా? చెయ్యి. మీ తాత ఉంటె చెయ్యనియ్యకపోవు.

మీ తాత పోలీసు జవానని నీకెర్కనే. ఎస్సై గాదు, సీఐ గాదు, ఉత్త జవాను. నకిరేకల్ల కిరాయికి ఉంటుంటిమి, రెండర్రలు, ముంగట రేకుల సాయమాను. కిరాయి నూటయాభై. గదే మాకు బరువు. ఇప్పుడు గా పైసలకు మీరు ఒకపూట టిఫిను గూడ తినరు. సరే, గా ముచ్చట గాదు.

గా దినాలు ఎట్లుండెనో నీకు ఎట్ల చెప్పాలె. ఊర్లల్ల అన్నలు తిరుగుతుండె. అన్నలంటె తోడవుట్టినోళ్లు గాదు బిడ్డా, నక్సలైట్లు. అటు దిక్కు ఉన్నోళ్లు, ఇటు దిక్కు ఉన్నోళ్లు, అందరు మన ఊర్ల పోరగాండ్లే. ఒకలనొకలు కాల్చుకునుడు. పోలీసోళ్లు బస్సెక్కాలంటె ఖాకి సంచిల పెట్టుకొని మామూలు అంగి మీద పోతుండిరి. నేనేమొ ఖాకి బట్టలు ఉతికి, దండెం మీద ఏసి, పైనకెల్లి నా చీర కప్పుతుంటి. ఎవలన్న చూస్తరని. ఎండ తగలక అవి ఆరకపోవు, ఒకటే ముక్క వాసన. నా దగ్గరికొచ్చే దొంగ గీ వాసనకే సోయి తప్పి దొరుకుతడు పో, అని మీ తాత గొణుగుడు.

సొంతూరు కట్టంగూర్ పక్కపొంటే, బస్సెక్కితె ఎంతసేపు. అయినా అన్నల భయానికి మీ తాత పోయేటోడు గాదు. దసరొస్తె మా మరిదే, గొర్లు కాసేటాయన, కూర డబ్బల పెట్టుకొని మాకు తెస్తుండె. మీ తాత ఆ కూర తినుకుంట ఊరి ముచ్చట్లు ఒక్కొక్కటి అడుగుతుండె. ఎవల గొర్లు ఈనినయి, ఎవల బాయిల నీళ్లున్నయి అని. పాపం అనిపిస్తుండె నాకు.

ఏడున్న? ఆ, మీ అమ్మ. పద్మ ఇంటరు మంచి మార్కులతోని పాసై నల్లగొండల డిగ్రీల చేరింది, హాస్టల్ల ఉన్నది. చేరేటప్పుడు మీ తాత బస్టాండుల దాన్ని పక్కకు పిలిచి చెప్పిండు. ఎవలడిగినా మా బాపు బట్టలు కుడ్తడని చెప్పు బిడ్డా, అని. మంచిగ నవ్వుకుంట అడిగేటోనికైతె అసలే చెప్పకు, అని. కాలేజిల ఎన్ని ఊర్ల పిల్లలుంటరు, ఎవల నోట్లెకెల్లి ఎవల చెవులకు పోతదో ఏం ఎర్క.

మొదటేడు గడిచింది. గంతల నాకు కడుపుల గడ్డ అని దవాఖానల ఆపరేషన్ చేసిన్రు. ఇంట్ల ఉన్నది ఊడ్చుకపోయింది. ఇగ పద్మను ఇంటికి తోల్కొస్త, మనతోని గాదు అన్నడు మీ తాత. నేను రెండు దినాలు ఆయినతోని మాట్లాడలె. గట్లాంటప్పుడే, మంచిగ సదివే పోలీసోళ్ల పిల్లలకు డిపార్టుమెంటు స్కాలర్‌షిప్పు ఇస్తున్నదని తెలిసి ఆయిన దరఖాస్తు పెట్టిండు. అది వస్తె సదువు నడుస్తది, రాకపోతె లేదు. గంతే.

దానికొక పద్ధతుండె. ఆఫీసుకెల్లి ఒకాయన కాలేజికి పోయి, పిల్ల నిజంగ సదువుతున్నదా, పోలీసాయన బిడ్డేనా అని అడిగి రావాలె. పోయిండు. ఆయన గూడ పోలీసాయె, భయానికి మామూలు అంగి, పాయింటు మీదనే పోయిండు. మీ అమ్మను ప్రిన్సిపాలు అర్రలకు పిలిపించి, నవ్వుకుంట, మీ నాయిన ఏం చేస్తడమ్మా అని అడిగిండు.

ఇగ చూడు. బట్టలు కుడ్తడు సార్ అన్నది. పోలీసు గాదా అంటె, మా చుట్టాలల్ల గూడ పోలీసోళ్లు లేరు సార్ అన్నది. భయపడకు బిడ్డా, నేను మీ బాపు దోస్తునే అన్నడంట పాపం. దోస్తు అనంగనే ఇది ఇంకింత గట్టిగైంది. మా బాపు పొద్దంత మిషిను మీదనే ఉంటడు, ఆడోళ్ల జాకిట్లు మా బాపు లెక్క నకిరేకల్ల ఎవ్వలు కుట్టరు, అన్నదంట. మీ తాతకు సూదిల దారం గూడ ఎక్కియ్యరాదు!

ఆయన ఏం చేస్తడు, పిల్లనే గాదన్నది అని రాసుకొని పోయిండు. దరఖాస్తు ఎనకకొచ్చింది. ఠాణల అందరు మీ తాతను ఆడుకున్నరు, మా ఇంట్లోళ్ల జాకిట్లు తెస్తం కుడ్తవా అని. నాకు మాత్రం మండింది. దీనికి సదువుకున్న తెలివే లేదా అని నోటికొచ్చినట్టు తిడుతుంటె, మీ తాత తువ్వాల మొఖానికి పెట్టుకొని ఏడ్చిండు. "దాన్ని తిట్టకే. సదువు పోయినా సరే అని నా పానం కాపాడింది" అన్నడు. గా మనిషి ఏడ్వంగ చూసుడు నాకు అదే మొదలు.

ఆఫీసుల బతిమిలాడితె, నువ్వే పోయి పిల్లతోని నోటితోని చెప్పియ్యి అన్నరు. తెల్లారి ఆయిన ఖాకి ఏస్కున్నడు, టోపి పెట్టుకున్నడు. నేను చెయ్యి పట్టుకున్న, వద్దు, మామూలు బట్టల మీద పో అని. గట్ల పోతె మళ్ల టైలరనే అంటది నీ బిడ్డ, అని నవ్విండు. గట్లనే బస్సెక్కిండు. పక్క సీట్ల ఎవ్వలు కూసోలేదంట.

ఆడ జరిగింది మీ అమ్మ చెప్తెనే నాకెర్క. క్లాసులన్ని వరండలకొచ్చినయంట. ఇది దూరంకెల్లే చూసి, పో బాపు పో అని తల ఊపుతున్నదంట. ఆయిన కదలలేదు. ఈయనెవరమ్మా అని అందరి ముంగట అడిగిండు ప్రిన్సిపాలు. ఇది పోయి ఆయిన చెయ్యి పట్టుకొని, "మా బాపు సార్" అన్నది.

స్కాలర్‌షిప్పు వచ్చింది. డిగ్రీ అయిపోయేదాక వచ్చింది. గని హాస్టల్ల దీనితోని ఒకే కంచంల తినే దోస్తు సుజాత, తిరుమలగిరి దిక్కు పిల్ల, గా దినంకెల్లి మాట బంద్ చేసింది. కొన్ని దినాలకు తనంతల తనే దీనితోని మా ఇంటికొచ్చింది. నేను అన్నం పెట్టిన. ముద్ద నోట్ల పెట్టుకోకుంటనే ఏడుసుడు షురూ చేసింది.

"అమ్మా, మా అన్న అడవిల ఉన్నడు. బాపును ఖాకి మీద బస్సెక్కనియ్యకు. ఆయినకేమన్న అయితె నేను పద్మ మొఖం ఎట్ల చూడాలె?"

మీ అన్నకేమన్న అయితె నీ మొఖం మేమెట్ల చూడాలె బిడ్డా, అన్న. దగ్గరికి తీసుకుంటె నా భుజం తడిసింది. గప్పుడు చూసిన, సాయమాన్ల మీ తాత. ఎప్పుడొచ్చిండో, చెప్పులిడుస్తున్నడు. తలుపు బార్లా తీసున్నది. పోలీసు గదా బిడ్డా, అన్నల జాడ తెలిస్తె చెప్పాల్సిన నౌకరి.

ఆ పిల్ల పోయినంక మెల్లగ అడిగిన, ఇన్నవా అని.

"ఏంది? నాకేం ఇనవడలె," అన్నడు. "ఆ పిల్ల కడుపునిండ తిన్నదా?"

గంతే. సచ్చేదాక గా ముచ్చట ఠాణల అనలె, నాతోని గూడ అనలె.

ఇగ బంద్ చెయ్యి గా రికార్డు. సల్లగుండు బిడ్డా. నువ్వు, నీ దోస్తులు, వాళ్ల అన్నదమ్ములు... అందరు సల్లగుండాలె.