గుంత మగ్గం మీది తాడు

రెండువేల ఆరు వేసవి. వృద్ధులు జారిపడకుండా చూసే సర్కారు పథకం ఫారంతో ఆరోగ్య కార్యకర్త గద్వాలలో ఒక గుంత మగ్గం పక్కన నిలబడింది. గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్న వృద్ధురాలు పని ఆపలేదు.

“పోయిన ఏడాది ఎన్నిసార్లు పడ్డరమ్మా?”

“ఇంట్ల పడలే. మీ దవాఖాన మెట్ల మీద రెండుసార్లు పడ్డ.”

“ఫారంల ఇంటికే గడి ఉన్నది.”

“అంటే సర్కారు మెట్ల మీద పడితే పడ్డట్టు కాదన్నమాట!”

ఫారంలో ఉన్నవాటికన్నా లేనివే ముఖ్యమని వృద్ధురాలు అప్పుడే గ్రహించింది.

“అరవై దాటినోళ్లు గుంతల దిగొద్దని రాస్తున్నమ్మా.”

“గట్ల రాస్తే నేత సొసైటోళ్లు నాకు నూలిస్తరా? నేయకుంటే ఏం తినాలె?”

“రూలు గిట్లనే ఉన్నది. దూలానికి ఆ తాడేంది? అడ్డం, తీసేయుండ్రి.”

“దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు పట్టుకుంట. మా అత్త కట్టింది.”

“తాడుకు ఫారంల గడి లేదు” అంటూ, కాగితం మీదే చూపుంచి అడుగు వేసిన కార్యకర్త కాలు గుంత అంచున జారింది. గాలిలో ఊగిన ఒక చేతికి తాడు దొరికింది.

వృద్ధురాలు అప్పుడు మగ్గం ఆపింది.

“బిడ్డా, నీకు అరవై దాటినయా?”

“లేదమ్మా, ముప్పై రెండు!”

“ఫారం, పెన్ను ఇటియ్యి. తాడు సంగతి నేనే రాస్త. రాసేదాంక నువ్వు విడువకు.”