నాలుగో బల్ల దగ్గర గురి

ఉదయం ఎనిమిదింటికి కాల్పుల మైదానంలో, నాలుగో బల్ల దగ్గర కూర్చుని ఒక బ్యాంకు గార్డు అయిదు గుళ్లు కాల్చాడు. ఎదురుగా ఉన్న గురి అట్టకు తగిలినవి రెండు. పక్కన టెలిస్కోపుతో కూర్చున్నది అక్కడ తుపాకీ నేర్పే ఉద్యోగిని, ఆయన తమ్ముడి కూతురు. ఆయనకి కాల్పుల పరీక్ష పదింటికి.

"రెండే."

"రెండా? సరిగ్గా చూడు."

"సరిగ్గానే చూశాను పెదనాన్నా. ఒకటి పైన మూల, ఒకటి కింద అంచు. మిగతా మూడూ మట్టిగట్టులోకి పోయాయి."

"తుపాకీ కింద సంచి కదిలింది."

"సంచి కదల్లేదు. నువ్వు కదిలావు."

"ఇసుక సరిగ్గా కూరలేదమ్మా. మా రోజుల్లో సంచి రాయిలా ఉండేది."

"రాయిలా ఉండకూడదు. గట్టిదాని మీద పెడితే తుపాకీ ఎగురుతుంది. అసలు సంచి ఎక్కడ పెట్టావో చూశావా? బ్యారెల్ కింద. చెక్క కింద ఉండాలి."

"ఏదో అంగుళం అటూ ఇటూ."

"ఆ అంగుళమే. బ్యారెల్ దేనికీ ఆనకూడదు. ఇదిగో, వెనక్కి జరుపు. వెనక, భుజానికి ఆనే బట్టు కింద ఈ చిన్న సంచి పెట్టు. ఎడం చేత్తో దాన్ని పిసికితే తుపాకీ ముక్కు దిగుతుంది, వదిలితే లేస్తుంది."

"ఎడం చెయ్యి ముందుండాలి. ఇన్నేళ్లూ అలాగే పట్టుకున్నాను."

"నిలబడి కాల్చేటప్పుడు అలా. ఇక్కడ బరువు మోసేది సంచి. నీ ఎడం చేతికి పని లేదు."

"పని లేని చేత్తో ఏం చెయ్యాలి, గోళ్లు చూసుకోవాలా?"

"సంచి పిసకాలి. ఇప్పుడేగా చెప్పాను."

"చెప్పావు, చెప్పావు. అరవకు."

"అరవట్లేదు. చెవులకి మూతలున్నాయి కదా, వినపడాలని. భుజం చూపించు."

"ఎందుకు?"

"చూపించు పెదనాన్నా."

"ఏం లేదు. బస్సులో కడ్డీ తగిలింది."

"కడ్డీ సరిగ్గా బట్టు ఆకారంలో తగిలిందా? ఇంత కమిలిపోయింది. పెద్దమ్మ చూసిందా?"

"మీ పెద్దమ్మకి చెప్పావంటే ఊరుకోను. ఇప్పటికే ఉద్యోగం మానెయ్యమని ప్రాణం తీస్తోంది."

"దెబ్బ తగులుతుందని బట్టుని భుజానికి దూరంగా ఉంచుతున్నావు. మధ్యలో వేలెడు సందు. ఆ సందులో అది పరుగెత్తుకొచ్చి గుద్దుతోంది. ముందే ఆనించి ఉంచితే గుద్దదు, తోస్తుంది."

"గుద్దినా తోసినా భుజం నాదే."

"తోపుకి కమలదు. ఇక్కడ, ఎముక మీద కాదు, లోపలి గుంటలో. ఆఁ. తిన్నగా కూర్చో. అలా పక్కకి ఒరిగితే ఆ తోపుకి నువ్వు కూడా తిరుగుతావు."

"పెళ్లిచూపులకి కూర్చున్నట్టుంది."

"కూర్చో. దవడ చెక్కకి ఆనించు. ప్రతిసారీ అదే చోట ఆనాలి. పేలాక కూడా తల ఎత్తకు. నువ్వు గుండు బయటికి పోకముందే ఎక్కడ పడిందో చూడ్డానికి లేస్తున్నావు."

"చూడొద్దా మరి?"

"చూడ్డానికి నేనున్నాను."

"సరే. నువ్వే చూడు."

"బిగబట్టకు. ఊపిరి సగం వదిలి ఆపు. అట్ట మీది నల్లచుక్క అడుగున తుపాకీ సైటు నిలబడ్డాక ట్రిగ్గర్ మెల్లగా వెనక్కి. లాగడం కాదు, నొక్కడం. ఊఁ, కానీ."

"ఇదిగో, కాలుస్తున్నా."

"అయిదూ అయ్యాయా?"

"అయ్యాయి. ఏమయ్యాయి?"

"అయిదూ అట్ట మీదే ఉన్నాయి."

"చూశావా. పాత చెయ్యి."

"అయిదూ అయిదు దిక్కుల. చుక్కలో ఒక్కటీ లేదు."

"నువ్వు బల్ల మీద మోచెయ్యి పెట్టావు. బల్ల కదిలింది."

"నా మోచెయ్యి నా ఒళ్లో ఉంది."

"ఇందాక పెట్టావు."

"పెదనాన్నా, పదింటికి పై ఆఫీసు నుంచి వచ్చేవాళ్లకి కూడా ఇదే చెప్తావా? అయిదింట్లో మూడు చుక్కలో పడాలి. వాళ్లు మోచెయ్యి సంగతి వినరు."

"ఇదివరకు ఈ గోల ఎక్కడుందమ్మా? వచ్చామా, పేల్చామా, టీ తాగామా."

"ఇప్పుడుంది. తప్పితే తుపాకీ తీసుకుంటారట, నిజమేనా?"

"నిజమే."

"తీసుకుంటే?"

"తుపాకీ లేని గార్డు బ్యాంకుకి ఎందుకు? తలుపు తియ్యడానికి వేరే మనిషి ఉన్నాడు. నన్ను ఇంటికి పొమ్మంటారు. ఇంటికెళ్లి మీ పెద్దమ్మ ఎదురుగా కూర్చోవాలి, పొద్దుట్నుంచి రాత్రిదాకా. ఆ శిక్ష నీకేం తెలుసు."

"అందుకే చెప్తున్నా, నేను చెప్పింది విను. ఇక నుంచి తూటా నేను పెడతాను. నువ్వు అటు తిరుగు."

"నాకు పెట్టుకోవడం రాదా?"

"మధ్యమధ్య మందు లేని డమ్మీ తూటా పెడతాను. ఏది నిజమో ఏది డమ్మీయో నీకు తెలియకూడదు. మనసులో బెదురుంటే డమ్మీకి కూడా తుపాకీ ముక్కు వంగుతుంది. అప్పుడు దొరికిపోతావు."

"నిన్నగాక మొన్న చేరినవాళ్లకి పెట్టే పరీక్ష నాకా?"

"నీకే. తిరుగు. ఆఁ, పెట్టాను. కానీ."

"పేలింది."

"నిజమైంది. మళ్లీ తిరుగు. కానీ."

"... టక్కుమంది. పేల్లేదు."

"డమ్మీ."

"వంగిందా?"

"లేదు."

"నిజం చెప్పు, నన్ను సంతోషపెట్టడానికి చెప్పకు."

"వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఇంకోటి. కానీ. ఇదీ డమ్మీయే. కదల్లేదు. నీలో బెదురు లేదు పెదనాన్నా. పట్టు కుదిరింది."

"నేను మొదట్నుంచీ అదే మొత్తుకుంటున్నాను."

"మరి ఇందాక పేలింది ఎక్కడ పడిందనుకుంటున్నావు?"

"చుక్కలో. నడిమధ్య."

"ఎడం అంచున పడింది. జానెడు దూరం."

"అయితే తుపాకీలో ఉంది దోషం. ముసలిదైపోయింది."

"పొద్దున ఈ తుపాకీతోనే నేను మూడు కాల్చాను. మూడూ చుక్కలోనే పడ్డాయి."

"నీ టెలిస్కోపు తేడాగా ఉందేమో."

"ఇదిగో, నువ్వే చూడు."

"అక్కర్లేదు. నువ్వు చూస్తున్నావుగా."

"ఒక్కసారి చూడు."

"అక్కర్లేదన్నానా. నిన్ను ఎత్తుకుని తిప్పినవాణ్ణి, నీ మాట నమ్మనా?"

"ఏడింటికి రమ్మంటే ఏడుంపావుకి వచ్చావు. ఎందుకు?"

"ఇప్పుడు అదెందుకు?"

"అడిగాను, అంతే."

"బస్సు. మూడో నంబరు ఎక్కబోయి ఎనిమిదో నంబరు ఎక్కాను. సగం దారిలో దిగి నడిచాను. కండక్టరు ముందే చెప్పొచ్చు కదా."

"బోర్డు మీద ఉంటుంది కదా, పెద్దగా."

"జనం తోశారమ్మా. నంబర్లు చదువుకుంటూ నిలబడతామా? దొంగని పట్టినట్టు అడుగుతావేంటి? సంచి జరపమన్నావు, జరిపాను. చెయ్యి వెనక్కన్నావు, పెట్టాను. దవడ అన్నావు, ఊపిరి అన్నావు. అన్నీ చేశాను. ఇంకా ఏం చెయ్యమంటావు, తల తీసి బల్ల మీద పెట్టమంటావా?"

"వద్దు. బోల్టు తీసి పక్కన పెట్టు. నేను వెళ్లి అట్ట మార్చి వస్తాను. వచ్చేదాకా తుపాకీ ముట్టుకోకు."

"ముట్టుకోను. త్వరగా రా. టైము అయిపోతోంది."

"వచ్చాను."

"ఇంతసేపా? అట్ట మార్చావా, కొత్తది అచ్చేయించావా?"

"మార్చాను. కూర్చో. సంచి?"

"చెక్క కింద."

"ఎడం చెయ్యి?"

"చిన్న సంచి మీద. భుజం గుంటలో. దవడ ఆనింది. ఇంకేం అడుగుతావు?"

"బాగుంది. ఇంత బాగా పట్టినవాళ్లని ఈమధ్య చూళ్లేదు."

"అదీ మాట. తూటా ఇవ్వు."

"ముందు సైటు పట్టు. తూటా తర్వాత."

"పట్టాను."

"చుక్క కనపడుతోందా?"

"ఎందుకు కనపడదు?"

"ఎలా ఉంది?"

"ఎలా ఉంటుంది, గుండ్రంగా, నల్లగా. సైటు మీద కూర్చుంది. మేకు మీద తలలా."

"కుడికి గానీ ఎడమకి గానీ లేదు కదా?"

"లేదన్నాను కదే. నడిమధ్య. తూటా ఇవ్వు తల్లీ, చెయ్యి కుదిరి ఉంది, మళ్లీ పోతుంది."

"పెదనాన్నా."

"ఏంటి?"

"కొత్త అట్ట పెట్టలేదు. పాతదే తిరగేసి పెట్టాను. ఇటువైపు చుక్క లేదు."