రంగు తీసేసిన సింహం

కెన్యాలో మారా నది ఒడ్డున గుడారాల విడిది. మధ్యాహ్న భోజనాలయ్యాక బల్ల దగ్గర ఇద్దరే మిగిలారు. ఒకరు నైరోబీ నుంచి వచ్చే ఫొటోగ్రాఫర్ కరీథి. ఇంకొకరు అతణ్ని పదకొండేళ్లుగా అడవిలో తిప్పుతున్న మాసాయి తెగ మహిళా గైడు సిమలోయి. మధ్యలో, నలుపు తెలుపు ఫొటో తెరిచి ఉన్న అతని ల్యాప్‌టాప్.

"చూశాగా. పడుకున్న సింహం. ఇప్పుడు రంగుది చూపించు."

"రంగుది లేదక్కా."

"లేకపోవడమేంటి? నీ కెమెరా తీసేది రంగులోనే. ఆ రంగు నువ్వు తర్వాత పీకుతావు. ఇన్నేళ్లు నీ పక్కన కూర్చున్నదాన్ని, ఆ మాత్రం తెలీదా?"

"పీకడం కాదక్కా. రంగు తీసేస్తే చూపు అటూ ఇటూ పోదు. ఆకాశం, గడ్డి, ఏవీ అడ్డం రావు. జంతువొక్కటే మిగుల్తుంది. మీసం, కండ, ఎముక..."

"ఇంకా?"

"ఇంకా... ఓ ప్రశాంతత."

"ప్రశాంతత! పేరేం పెట్టావు దీనికి?"

"నిద్ర."

"థూ!"

"అక్కా, వంటవాళ్లు చూస్తున్నారు."

"చూడనీ. మన చెవి చిరిగిన ఆడసింహానికి నిద్రేంటయ్యా? అది చచ్చిపోతోంది. మూతి దగ్గర ఈ తెల్లచుక్కలేంటి? మంచా?"

"మంచులాగే ఉంది కదా."

"గుళికలు! ఊదారంగు గుళికలు. ఆవు కళేబరం మీద చల్లిన విషం. కబురు విని వచ్చి ఈ చేత్తోనే దాని మూతి తుడిచాను. మూడు రోజులు గోళ్లలోంచి ఆ రంగు పోలేదు. మొక్కజొన్న ఉగాలి ముద్ద నోట్లో పెట్టుకోబోతే వాంతి. నువ్వు దాన్ని మంచు చేసేశావు. ఛీ!"

"శుక్రవారం నైరోబీలో ప్రదర్శన పెట్టుకున్నానక్కా. ఊదా నురగ కక్కే సింహాన్ని ఇంట్లో గోడకి ఎవరు తగిలించుకుంటారు?"

"నాకు గోడలతో పన్లేదు. సిరోంకా బాబాయి ఏడు రోజులుగా నారోక్ లాకప్పులో పడున్నాడు. చచ్చిన ఆవు చెవికి ఆయన గుర్తుందని పట్టుకుపోయారు. తప్పిపోయిన ఆవు మొర్రో అంటే వినేవాడు లేడు. సోమవారం కోర్టు. ఆ పొద్దున తీసిన ఫొటోలుంటే తెమ్మని రేంజర్లే అన్నారు."

"నేను వెళ్లేసరికే అంతా అయిపోయింది. తొమ్మిదింటికి చూశాను, వెంటనే రేడియోలో చెప్పాను. ఆ రోజు నువ్వు సెలవు కదా, నీకు తెలీదు."

"తొమ్మిదింటికా?"

"తొమ్మిదింటికే."

"మరి ఈ నీడేంటి?"

"ఏ నీడ?"

"తుమ్మచెట్టు నీడ. ఇంత పొడుగు నీడ తొమ్మిదింటికి పడదయ్యా. ఏడు లోపే."

"నీ గాజులు కొత్తవా అక్కా? బాగున్నాయి. మధ్యలో ఆ పచ్చపూసలు..."

"మాట మార్చకు."

"మార్చట్లేదు, నిజంగానే అడుగుతున్నా. మీవాళ్లందరివీ నీలం వరసే కదా అక్కడ?"

"నీలం పూసలు అయిపోయాయి, నాలుగు పచ్చవి గుచ్చేశాను. గాజులకీ అంతే, మా అబ్బాయి లెమాయన్ బెల్టుకీ అంతే. ఆడపిల్లలు నవ్వుతున్నారని వాడు నన్ను తిట్టని రోజు లేదు. చాలా? నీడ సంగతి చెప్పు."

"...ఆరు నలభై."

"అప్పటికి బతికే ఉందా?"

"ఊపిరుంది."

"పిల్లలో? ఫొటోలో మూడూ తల్లి తోకతో ఆడుకుంటున్నాయి. అప్పటికింకా ఆవు దగ్గరికి పోలేదు."

"పోలేదు. తర్వాత పోయాయి."

"నీ కళ్లముందే."

"వెలుగు అలా ఉందక్కా. పొగమంచులోంచి అలాంటి వెలుగు ఎప్పుడో గాని రాదు. ఇంకో ఐదు నిమిషాలు, ఇంకో ఐదు నిమిషాలు అనుకుంటూ..."

"రెండు గంటలు! ఒక్కసారి రేడియో నొక్కితే పశువుల డాక్టరు అరగంటలో వచ్చేవాడు. మూడు పిల్లలూ బతికేవి. అవి తింటుంటే కూడా తీశావా?"

"...తీశాను."

"అవీ నలుపు తెలుపేనా?"

"అక్కా, అలా అడక్కు."

"నీకన్నా దుమ్ములగొండి నయం, అది ఆకలేసి తింటుంది. పోయిన నెల మా దూడలు రెంటిని తిన్నది ఈ సింహమే. మావాడు పళ్లు నూరాడు. అయినా నేను దీన్ని ఒక్క మాట అనలేదు. ఇదిగో ఇక్కడుంది, అదిగో అక్కడుంది అంటూ నీకు చూపించుకుంటూ తిరిగాను. ఛీ, నా బతుకు!"

"తప్పే. ఒప్పుకుంటున్నా. ఇక లేవనా?"

"కూర్చో. ఈ వెనక ఏంటి?"

"గడ్డి."

"గడ్డంతా గాలికి ఇటు వాలింది. ఇక్కడ మాత్రం ముద్దలా నిలబడుంది."

"చెదలపుట్ట."

"ఆ మలుపులో నాకు తెలీని పుట్టా? పదకొండేళ్లుగా బండి తోలుతున్నా అక్కడ. రంగుది తియ్యి."

"చెరిపేశానక్కా."

"నువ్వా? మసగ్గా వచ్చిన గుడ్లగూబని ఆరేళ్లుగా దాచుకున్నవాడివి. తియ్యి."

"వద్దు. నా మాట విను."

"మావాళ్ల ఎర్ర దుప్పటేనా? ఎరుపూ పచ్చా, రంగు తీస్తే రెండూ ఒకే బూడిద అని నువ్వే చెప్పావు ఓసారి. మీ దుప్పట్లన్నీ గడ్డిలో కలిసిపోతాయక్కా అని నవ్వావు కూడా. మనిషిని గడ్డిలో కలిపేశావు కదూ?"

"ఎవరో పశువుల కాపరి అయ్యుంటాడు."

"తెల్లారకముందే వచ్చి చస్తున్న సింహం వెనక గొంతుక్కూర్చునే కాపరా? విషం చల్లినవాడే, పని అయిందో లేదో చూసుకోడానికొచ్చాడు. బాబాయిది కుంటికాలు, అలా కూర్చోనే కూర్చోలేడు. ఈ ఒక్కటి చూపిస్తే ఆయన్ని వదిలేస్తారయ్యా! కరువులో ఆయన పాలు పోయబట్టే నా కొడుకు బతికాడు, తెలుసా నీకు?"

"తెలుసు. చాలాసార్లు చెప్పావు."

"మరి? వాడెవడో గాని, మెడపట్టి రేంజర్ల దగ్గరికి నేనే ఈడ్చుకెళ్తాను."

"ఎవడైనా సరేనా?"

"ఎవడైనా సరే. తియ్యి!"

"...ఇదిగో."

"అమ్మో. ఎంత ఊదా... నాలిక కూడా... ఛీ ఛీ. వెనక్కి జరుపు. ఆఁ, అక్కడ. చూశావా, ఎర్ర దుప్పటే! మొహమేదీ?"

"తల దించుకున్నాడు. మొహం పడలేదు."

"నడుం దగ్గర ఏదో మెరుస్తోంది. పెద్దది చెయ్యి."

"అక్కా, నా రెండు గంటలు దాచుకోడానికే రంగు తీశాను, కాదనను. కానీ అదొక్కటే కాదు."

"పెద్దది చెయ్యమన్నానా!"

"చేశాను. చూడు."

"పూసల బెల్టు. తెలుపు. నారింజ. నీలం... నీలం... పచ్చ..."

"అక్కా, కాసిని నీళ్లు తాగు. రేంజర్ల ఆఫీసు నాలుగింటిదాకా ఉంటుంది. నేనూ వస్తాను. నా రెండు గంటల సంగతి నేనే చెప్పుకుంటాను. ఆ పెద్దాయన బయటికొస్తాడు. వెళ్దామా?"

"పేరేమన్నావు దీనికి?"

"నిద్ర."

"బాగుంది. నలుపు తెలుపే బాగుంది తమ్ముడూ. ఆ రంగుది చెరిపెయ్యి."